‘జీపీఏ ఎంత బాబూ?’

కాలిఫోర్నియాలో ఫ్రీమాంట్ చుట్టుపక్కల ఉండే ఒక తల్లి రాసిన ఉత్తరం ఇది. కొడుకు గ్రేడ్లన్నీ సెమిస్టర్ల వారీగా టైప్ చేసి మరీ పంపారు. ఎవరన్నది తెలియకుండా సారాంశం ఇస్తున్నాను.

వాళ్లబ్బాయి ఇప్పుడు పదకొండో తరగతి రెండో సెమిస్టర్లో ఉన్నాడు. హైస్కూల్ మొదలైన ఏడాదే, అంటే తొమ్మిదో తరగతిలో, వీళ్లు డాలస్ నుంచి బే ఏరియాకి మారారు. కొత్త స్కూలు, తెలిసినవాళ్లు ఒక్కరూ లేరు. ఆ జనవరిలో గుంటూరులో తాతగారు పోతే తల్లీ కొడుకులు వెళ్లి ఐదు వారాలు ఉండాల్సి వచ్చింది. తిరిగొచ్చేసరికి పిల్లాడు అన్నింట్లోనూ వెనకబడ్డాడు. ఆ ఏడాది పన్నెండు సెమిస్టర్ గ్రేడ్లలో మూడు ఏలు, నాలుగు బీలు, నాలుగు సీలు, స్పానిష్ 1లో ఒక డీ. పదిలో కాస్త తేరుకున్నాడు: నాలుగు ఏలు, ఆరు బీలు. కానీ మొదటి సెమిస్టర్లో కెమిస్ట్రీ, ఇంగ్లిష్ రెండూ సీలే. పదకొండుకి వచ్చాక మాత్రం గాడిలో పడ్డాడు. మొదటి సెమిస్టర్లో నాలుగు ఏలు, రెండు బీలు. రెండు ఏపీ కోర్సులు కూడా చదువుతున్నాడు (మన ఏపీ కాదు, అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్). అయినా స్కూల్ పోర్టల్ తెరిస్తే కనిపించే జీపీఏ, అంటే ఏకి 4, బీకి 3, సీకి 2, డీకి 1 చొప్పున వేసిన గ్రేడ్ల సగటు, 3.1.

ఇంట్లో రోజూ ఇదే గొడవ. తండ్రికి యూసీ బర్క్లీ కావాలి, అది రాకపోతే ఇంటిమీద అప్పు తెచ్చైనా పేరున్న ప్రైవేట్ యూనివర్సిటీలో చేర్చాలంటారు. 6 వేల డాలర్లు అడిగే ఒక కన్సల్టెంట్‌తో మాట్లాడి కూడా వచ్చారు. ఈ సమ్మర్లో స్పానిష్ 1, బయాలజీ మళ్లీ చదివించి ఆ డీనీ సీలనీ చెరిపేయించాలని తల్లి ఆలోచన. స్కూల్ కౌన్సిలర్ కమ్యూనిటీ కాలేజీ (రెండేళ్ల సర్కారు కాలేజీ) మాట ఎత్తినప్పుడు పార్కింగ్ లాట్‌లో కూర్చుని ఏడ్చానని రాశారు. ఉత్తరం చివర ఇలా ఉంది:

‘ఉగాది ఫంక్షన్లో భోజనాల లైన్లో ఉండగా మా వారి స్నేహితుడొకాయన మావాణ్ణి, జీపీఏ ఎంత బాబూ, అని అడిగారు. వాడు తడుముకోకుండా 4.2 అంకుల్ అన్నాడు. నేను పక్కనే ఉన్నాను. ఏమీ అనలేదు. ఇంటికొచ్చేదాకా కార్లో వాడూ మాట్లాడలేదు, నేనూ మాట్లాడలేదు. మేం సీఎస్ (కంప్యూటర్ సైన్స్) అనుకుంటున్నాం. ఇంక మంచి కాలేజీ రానట్టేనా? వాణ్ణి ఇండియా తీసుకెళ్లి నేనే పాడుచేశానా?’

మీ ఆఖరి ప్రశ్న ముందు తేల్చేద్దాం. తాత పోతే మనవడు వెళ్లాడు. దాన్ని తప్పుల లెక్కలో రాయకండి. ఆ ఐదు వారాల వల్ల కొన్ని గ్రేడ్లు పోయాయి, నిజమే. వాటి సంగతి ఇప్పుడు చూద్దాం.

నాకు అర్థమైనంతవరకు మీరూ మీ వారూ ఆ పోర్టల్‌ని ఎంసెట్ ర్యాంకు కార్డు చదివినట్టు చదువుతున్నారు. మన కాలంలో అంతే కదా. ఒక ర్యాంకు వచ్చేది, కౌన్సెలింగ్‌లో మన వంతు వచ్చేసరికి ఆ ర్యాంకుకి ఏ సీటు మిగిలితే అది. ర్యాంకు బాగాలేకపోతే అన్ని తలుపులూ ఒకేసారి మూసుకునేవి. నా ఇంటర్ ఫస్టియర్ మెమో మా అమ్మ బీరువాలో పట్టుచీరల కింద ఇప్పటికీ ఉంది. లెక్కల 1బీలో 75కి 38. ఆమె దాన్ని ఎవరికీ చూపించలేదు, పారేయనూలేదు. అలా పెరిగినవాళ్లం, 3.1 చూడగానే గుండె జారిపోతుంది. కానీ అమెరికాలో ఆ 3.1ని ఏ రెండు కాలేజీలూ ఒకేలా చదవవు. కొన్నయితే ఆ అంకెను అసలు వాడుకోవు, తమ లెక్క తామే వేసుకుంటాయి.

మీ ఊళ్లో ఉన్నదే చూడండి. యూసీ, అంటే యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా క్యాంపస్‌లు, జీపీఏ లెక్కకట్టేటప్పుడు తొమ్మిదో తరగతి గ్రేడ్లు కలపవు. తొమ్మిది అయిపోయాక వచ్చే వేసవి నుంచి పదకొండు తర్వాతి వేసవి దాకా చదివినవే లెక్క. అదీ ఏ-జీ జాబితాలో, అంటే చేరాలంటే చదివి తీరాలని యూసీ పెట్టిన జాబితాలో, ఉన్న సబ్జెక్టులే. సీఎస్‌యూ, అంటే కాల్ స్టేట్ క్యాంపస్‌లదీ ఇంచుమించు ఇదే పద్ధతి. మీరు పంపిన గ్రేడ్లతో నేను కాగితం మీద వేసి చూశాను. పదో తరగతివి పన్నెండు గ్రేడ్లకి 38 పాయింట్లు. పదకొండులో మొదటి సెమిస్టర్‌కి 22. ఈ సెమిస్టర్లో ఇప్పుడు కనబడుతున్న ఐదు ఏలు, ఒక బీ నిలబడితే ఇంకో 23. మొత్తం 83ని 24తో భాగిస్తే 3.46. ఏపీ కోర్సులు రెండూ ఏడాది పొడవునా ఉన్నాయి కాబట్టి యూసీ నాలుగు పాయింట్లు అదనంగా కలుపుతుంది. అప్పుడు 3.63 దగ్గర తేలుతుంది.

పోర్టల్లో 3.1, యూసీ లెక్కలో 3.63. పిల్లాడు అదే పిల్లాడు.

అయితే లెక్కలోకి రాదంటే కనబడదని కాదు. తొమ్మిదో తరగతి గ్రేడ్లు కూడా అప్లికేషన్లో నింపాలి, చదివేవాళ్లు చూస్తారు. ఎక్కిన మెట్లు కూడా వాళ్లకి అక్కడే కనబడతాయి.

ఇప్పుడు మీ సమ్మర్ ప్లాన్. స్పానిష్ 1లో డీ వచ్చింది, పదిలో స్పానిష్ 2లో బీ వచ్చిందని మీరే రాశారు. భాషల విషయంలో పై కోర్సులో సీ గానీ అంతకన్నా మంచిది గానీ వస్తే, కింది కోర్సులో వచ్చిన డీ తీరినట్టే యూసీ చూస్తుంది. అంటే మళ్లీ చదవక్కర్లేదు. ఇక బయాలజీ. డీ, ఎఫ్ వచ్చిన కోర్సుని మళ్లీ చదివితే కొత్త గ్రేడు తీసుకుంటారు గానీ సీ వచ్చినదాన్ని మళ్లీ చదివినా యూసీ పట్టించుకోదు. కాబట్టి మీరు రాసిన ఆ రెండు కోర్సులకీ వేసవంతా ధారపోస్తే వాడికి మిగిలేది చిరాకే. స్కూల్ కౌన్సిలర్‌ని ఒక్కసారి అడిగి ఖాయం చేసుకోండి, ఆ తర్వాత ఆ ప్లాన్ వదిలేయండి.

వేసవిలో ఏదైనా చేయాలనుంటే మీకు దగ్గర్లోనే ఓలోన్ కాలేజీ ఉంది. హైస్కూల్ పిల్లలు కమ్యూనిటీ కాలేజీలో ఒక కోర్సు తీసుకోవచ్చు, మామూలుగా వాళ్లకి ట్యూషన్ ఫీజు ఉండదు. పదకొండు తర్వాతి వేసవి కాబట్టి అది యూసీ లెక్కలోకి కూడా వస్తుంది. కానీ ఒక్కటే, రెండు కాదు, అదీ వాడికి ఇష్టమైతేనే. ఈ కాలేజీ గ్రేడు వాడి శాశ్వత రికార్డులో ఉండిపోతుంది. రేపు ఎంఎస్‌కి అప్లై చేసినా ఈ ట్రాన్‌స్క్రిప్ట్ పంపాల్సి రావచ్చు. బలవంతంగా కూర్చోబెడితే ఇంకో సీ తయారవుతుంది.

బర్క్లీ గురించి దాచకుండా చెప్పాలి. బర్క్లీ, లాస్ ఏంజెలిస్, శాన్ డియేగో క్యాంపస్‌ల్లో సీటు వచ్చేవాళ్లలో ఎక్కువమంది యూసీ లెక్కలో 4 దాటినవాళ్లే. అందులో సీఎస్ అంటే పోటీ మరీ దారుణం. 3.63తో అప్లై చేయకూడదని కాదు. ఫీజు కట్టే ఓపిక ఉంటే ఒకటి వేయండి. దానిమీద మాత్రం ఇల్లు కట్టుకోకండి. యూసీ 2020 తర్వాత నుంచి శాట్ (కాలేజీ ప్రవేశాలకి రాసే పరీక్ష) స్కోరు చూడటం మానేసింది. అందువల్ల ‘శాట్‌లో 1550 తెచ్చి సరిచేద్దాం’ అన్న మీ వారి ఆలోచన యూసీ దగ్గరా కాల్ స్టేట్ దగ్గరా పనిచేయదు. స్కోరు చూసే కాలేజీలు వేరే ఉన్నాయి, అక్కడ పనికొస్తుంది.

ఇక సీఎస్. ఉత్తరంలో మీరు ‘మేం సీఎస్ అనుకుంటున్నాం’ అని రాశారు. ‘మనం’ అనలేదు, ‘మేం’ అన్నారు. ఆ మేంలో వాడు ఉన్నాడా? రెండో పేజీలో ఎక్కడో, చనిపోయిన తాతగారి రేడియోని గుంటూరులో విప్పి మళ్లీ పలికించాడని, రోబోటిక్స్ క్లబ్బులో వైరింగ్ అంతా వాడిదేనని మీరే ఒక ముక్క రాసి వదిలేశారు. దానర్థం సీఎస్ వద్దని కాదు, ఎలక్ట్రికల్ అనీ కాదు. నేను దూరం నుంచి జాతకం చెప్పలేను. అయితే ఈ సంగతి తేలకుండా కాలేజీల లిస్టు రాయడం కుదరదు. ఎందుకంటే చాలాచోట్ల కాలేజీలోకి రావడం ఒకటి, సీఎస్‌లోకి రావడం ఇంకొకటి. ‘ముందు ఏదో ఒక మేజర్లో దూరితే తర్వాత మారిపోవచ్చులే’ అని ఫంక్షన్లలో సలహా ఇచ్చేవాళ్లు చాలామంది దొరుకుతారు. బర్క్లీ, శాన్ డియేగో లాంటి చోట్ల లోపలికి వెళ్లాక సీఎస్‌కి మారడం గగనం. మారలేకపోతే నాలుగేళ్లు ఇష్టంలేని చదువు. ఆ రిస్కు తీసుకునేదీ మోసేదీ వాడు.

వాడు నిజంగా సీఎస్సే కావాలంటే, పేరు కొంచెం తగ్గినా నేరుగా సీఎస్‌లోకే తీసుకునే చోట్లు వెతకాలి. యూసీ మెర్సెడ్ ఈ గ్రేడ్లకి అందుబాటులో ఉన్నది, యూసీ రివర్‌సైడ్‌లో సీఎస్‌కి పోటీ ఉంటుంది గానీ ప్రయత్నించవచ్చు. మెర్సెడ్ 2005లో పుట్టిన చిన్న క్యాంపస్. చుట్టూ పొలాలు, ఊరు చిన్నది. బే ఏరియాలో పెరిగిన పిల్లలు కొందరు మొహం మాడ్చుకుంటారు. కానీ ప్రొఫెసర్లు పేరు పెట్టి పిలిచే చోటు కొందరికి బాగా కలిసొస్తుంది. కొత్త స్కూల్లో ఒంటరిగా మునిగిపోయిన పిల్లాడికి 40 వేల మందిలో కలిసిపోవడం మంచిదా, ఇలాంటి చోటు మంచిదా అన్నది ఆలోచించాల్సిన విషయమే. శాన్ హోసే స్టేట్‌లో సీఎస్‌కి పోటీ గట్టిగానే ఉంటుంది, సుళువనుకుని అప్లై చేయకండి. హేవర్డ్‌లోని కాల్ స్టేట్ ఈస్ట్ బే మీ ఇంటికి దగ్గర, అక్కడ అవకాశం ఎక్కువ. రాష్ట్రం బయటికి పంపగలమంటే, పశ్చిమ రాష్ట్రాల మధ్య డబ్ల్యూయూఈ అని ఒక ఏర్పాటు ఉంది. నెవాడా రీనో లాంటి యూనివర్సిటీలు అందులో చేరినవే. ఆ కింద మీ వాడికి అక్కడి స్థానికులు కట్టేదానికి ఒకటిన్నర రెట్లు మించి ట్యూషన్ పడదు. అన్ని కోర్సులకూ ఇవ్వకపోవచ్చు, ఎవరికి వారు అడిగి తెలుసుకోవాల్సిందే.

ఇప్పుడు మిమ్మల్ని పార్కింగ్ లాట్‌లో ఏడిపించిన మాట. మన వాళ్లలో కమ్యూనిటీ కాలేజీ అంటే ఎక్కడా సీటు రానివాళ్లు వెళ్లేదన్న భావం. నేనూ ఈ దేశం వచ్చిన కొత్తలో అలాగే అనుకున్నాను. కానీ మీ అబ్బాయి రికార్డున్న పిల్లాడికి, అందునా కాలిఫోర్నియాలో, దీన్ని పక్కకి నెట్టడం తొందరపాటు. ఫీజు యూనిట్‌కి 46 డాలర్లు. 60 యూనిట్లకి మూడు వేల డాలర్ల లోపే. యూసీలో ట్యూషనే ఏడాదికి సుమారు 15 వేలు. అసలు సంగతి డబ్బు కూడా కాదు. రెండేళ్ల తర్వాత యూసీకి ట్రాన్స్‌ఫర్ అయ్యేటప్పుడు వాళ్లు చూసేది కాలేజీ గ్రేడ్లని. హైస్కూల్ గ్రేడ్లతో ఎంపికకి సంబంధం లేదు. తొమ్మిదో తరగతి నిజంగా చెరిగిపోయే చోటు ఏదైనా ఉందంటే అది ఇదే. మీరు సమ్మర్ స్కూల్లో వెతికింది ఇక్కడ ఉంది.

పైగా టాగ్ (ట్రాన్స్‌ఫర్ అడ్మిషన్ గ్యారంటీ) అని ఒకటుంది. డేవిస్, అర్వైన్, మెర్సెడ్, రివర్‌సైడ్, శాంటా బార్బరా, శాంటా క్రూజ్, ఈ ఆరు క్యాంపస్‌ల్లో ఏదో ఒకదానితో ముందే ఒప్పందం చేసుకోవచ్చు. చెప్పిన కోర్సులు, చెప్పిన జీపీఏ తెస్తే సీటు ఖాయం. బర్క్లీ, లాస్ ఏంజెలిస్, శాన్ డియేగో ఇందులో లేవు, వాటికి పోటీపడి ట్రాన్స్‌ఫర్ కావాల్సిందే. అయినా ప్రతి ఏటా కమ్యూనిటీ కాలేజీల నుంచి అక్కడికీ చాలామంది వెళ్తున్నారు. మీ వారికి ఈ మాట చెప్పండి. ఆయన కోరుకున్న బర్క్లీకి మీ వాడి ముందున్న దారుల్లో అన్నిటికన్నా నమ్మదగినది ఓలోన్, డీ ఆన్జా లాంటి కమ్యూనిటీ కాలేజీల మీదుగా వెళ్లేదే కావచ్చు.

దీనికీ ఇబ్బందులున్నాయి. సీఎస్‌కీ ఇంజినీరింగ్‌కీ కొన్ని క్యాంపస్‌లు టాగ్ ఇవ్వవు. ఆ జాబితా ఏటా మారుతుంది కూడా. లెక్కలు, ఫిజిక్స్ వరుస తప్పితే రెండేళ్లు మూడేళ్లవుతాయి. ఇంటి నుంచే వెళ్లిరావాలి, డార్మ్ లేదు. తోటి పిల్లలంతా తమ కాలేజీ హూడీలు వేసుకుని ఇన్‌స్టాలో ఫొటోలు పెడుతుంటే వీడు అదే గదిలో, అదే మంచం మీద. కొందరు దాన్ని తేలిగ్గా తీసుకుంటారు, కొందరు కుంగిపోతారు. మీ వాడు ఏ రకమో నాకు తెలీదు. ఇంట్లో రోజూ గొడవ జరిగే పరిస్థితే ఉంటే మాత్రం ఇంకో రెండేళ్లు ఆ ఇంట్లోనే ఉండటం వాడికి అన్నిటికన్నా పెద్ద ఇబ్బంది కావచ్చు.

మీ వారి మాట కూడా కొట్టిపారేయను. ప్రైవేట్ కాలేజీలు చాలావరకు నాలుగేళ్ల రికార్డునీ మొత్తంగా చూస్తాయి. మెట్టు మెట్టుగా పైకొచ్చిన పిల్లాణ్ణి ఇష్టంగా తీసుకునేవీ ఉన్నాయి. కానీ వాటి పూర్తి ఖర్చు, ఉండటం తినడం కలిపి, ఏడాదికి 80, 90 వేల డాలర్ల దాకా వెళ్తుంది. ఇంటిమీద అప్పు తెచ్చేముందు ప్రతి కాలేజీ వెబ్‌సైట్‌లో నెట్ ప్రైస్ క్యాల్‌క్యులేటర్ ఉంటుంది, అందులో మీ ఆదాయం కొట్టి చూడండి. పేరుకున్న రేటు వేరు, మీరు కట్టేది వేరు. ఎర్లీ డెసిషన్ జోలికి వెళ్తే జాగ్రత్త. అందులో సీటిస్తే చేరి తీరాలి, ఇంకోచోట తక్కువకి వస్తుందేమోనని బేరీజు వేసుకునే వీలుండదు. ఇంకో మాట, ఇంటిని తాకట్టు పెట్టి చదివిస్తున్నామన్న సంగతి పిల్లాడికి తెలియకుండా ఉండదు. మొదటి సెమిస్టర్లో ఒక సీ వస్తే వాడు మీకు చెప్తాడా? ఇప్పటికే 4.2 అన్నవాడు?

కన్సల్టెంట్‌కి ఆ 6 వేలు ఇవ్వకముందు మీ స్కూల్ కౌన్సిలర్ దగ్గర ఒక గంట టైం తీసుకోండి. కమ్యూనిటీ కాలేజీ పేరెత్తిందన్న కోపంతో ఆమెని దూరం పెట్టారేమో అనిపించింది. వాడి ట్రాన్‌స్క్రిప్ట్ తెలిసినవాళ్లలో మీకు ఉచితంగా దొరికే మనిషి ఆమే. ప్రైవేట్ కాలేజీలకి వాడి గురించి రాయాల్సింది కూడా ఆమే.

తొమ్మిదో తరగతి గురించి అప్లికేషన్లో రాయాలా అని అడిగారు. రాయాలి. యూసీ అప్లికేషన్లోనూ, చాలా కాలేజీలకి ఒకటే అప్లికేషనైన కామన్ యాప్‌లోనూ అదనపు వివరాలకి ఒక పెట్టె ఉంటుంది, అక్కడ. అసలు వ్యాసాలు మాత్రం వేరే విషయాలకి వదిలేయమనండి. యూసీ వాళ్లు ఎనిమిది ప్రశ్నల్లో నాలుగింటికి తలా 350 పదాలు ఇస్తారు. ఆ రేడియో అక్కడ పనికొస్తుంది. గ్రేడ్ల సంగతి నాలుగు వాక్యాల్లో ముగించాలి. ‘తాతగారి మరణం నా జీవితాన్ని మలుపు తిప్పింది’ లాంటివి వద్దు. ఇలా రాస్తే చాలు: తొమ్మిదిలో ఊరు మారాం. జనవరిలో తాతగారు పోయి ఐదు వారాలు ఇండియాలో ఉన్నాను. తిరిగొచ్చాక వెనకబడ్డాను, ఎవర్నీ సాయం అడగలేదు. పదో తరగతి రెండో సెమిస్టర్ నుంచి లంచ్ టైంలో కెమిస్ట్రీ టీచర్ దగ్గరికి వెళ్లడం మొదలుపెట్టాను. ఆ లంచ్ సంగతి మీ ఉత్తరంలో ఉన్నదే, నేను కల్పించలేదు. రాయాల్సింది వాడు, మీరు కాదు.

యూసీ అప్లికేషన్ ఆగస్టులో తెరుస్తారు, నవంబరు నెలాఖరుకల్లా పంపాలి. టైముంది. పన్నెండులో గ్రేడ్లు జారిపోతే ఇచ్చిన సీటు కూడా వెనక్కి తీసుకుంటారన్నది మాత్రం వాడికి గుర్తుండాలి.

ఇక ఉగాది రోజు జరిగింది. వాడు అబద్ధం చెప్పాడని మీకు బాధ. వాడి వైపు నుంచి చూస్తే, అమ్మ పక్కనే ఉంది, విన్నది, ఊరుకుంది. అంటే అమ్మకి కూడా 3.1 సిగ్గే అనుకుని ఉంటాడు. ఎందుకలా చెప్పావని ఇప్పుడు వాణ్ణి నిలదీయకండి. ఆ రోజు మీరెందుకు ఊరుకున్నారో ముందు మీరు చెప్పండి. ఇంట్లో డైనింగ్ టేబుల్ దగ్గర ఎదురుగా కూర్చోబెట్టి కాదు. ఆ వయసు పిల్లలు అలా మాట్లాడరు. రోబోటిక్స్ క్లబ్బు నుంచి తీసుకొచ్చేటప్పుడు కార్లో చెప్పండి. ఇద్దరూ రోడ్డు వైపు చూస్తూ ఉంటారు కాబట్టి వాడికి తేలిక. వెంటనే జవాబివ్వకపోవచ్చు. ఇల్లొచ్చేసినా ఇంజిన్ ఆపకుండా కాసేపు కూర్చోండి.